అమెరికాలో లాయర్‌గా మొదలై చట్టసభకు వెళ్లినవాళ్లలో మీకు నచ్చినవారు ఎవరు?

నాకైతే బార్బరా జోర్డాన్.

అమ్మ మొదటిసారి టెక్సస్‌లోని ఆస్టిన్‌కు వచ్చినప్పుడు పెట్టె రాలేదు. పచ్చళ్లన్నీ అందులోనే. నేను టెన్షన్‌గా ఫారం నింపుతుంటే, అమ్మ ఎయిర్‌పోర్టులోని కంచు విగ్రహాన్ని చూస్తూ "ఎవర్రా ఈవిడ, టీచరమ్మలా కూర్చుంది?" అంది. పదేళ్లుగా ఆ ఎయిర్‌పోర్టుకు వస్తూపోతూ ఉన్నా నాకు తెలియదు. టెర్మినల్‌కు పెట్టిందే ఆవిడ పేరని కూడా ఆ రాత్రి చదివాకే తెలిసింది!

1936లో హ్యూస్టన్‌లో పుట్టారు. నల్లజాతి పిల్లలకు టెక్సస్ యూనివర్సిటీలో డిగ్రీ సీటు ఇవ్వని రోజులవి. ఊళ్లోనే టెక్సస్ సదరన్ యూనివర్సిటీలో చదువుకుని, 1959లో బోస్టన్ యూనివర్సిటీలో లా పూర్తిచేశారు. తిరిగొచ్చి అమ్మానాన్నల ఇంట్లో భోజనాల బల్ల మీదే ప్రాక్టీసు పెట్టారు.

1962లో, 1964లో రాష్ట్ర ప్రతినిధుల సభకు నిలబడి రెండుసార్లూ ఓడిపోయారు. అప్పట్లో ఆ సీట్లకు కౌంటీ (మన జిల్లా లాంటిది) మొత్తం ఓటేసేది. నల్లజాతి పేటల ఓట్లు అందులో ఎక్కడో కలిసిపోయేవి. నియోజకవర్గాల జనాభా సమానంగా ఉండాలని, 'ఒక మనిషికి ఒక ఓటు' అంటూ సుప్రీంకోర్టు తీర్పులిచ్చాక నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీశారు. ఆవిడ పెరిగిన ఫిఫ్త్ వార్డు రాష్ట్ర ఎగువసభ అయిన సెనేట్‌కు కొత్తగా గీసిన నియోజకవర్గంలోకి వచ్చింది. 1966లో గెలిచారు. 1883 తర్వాత టెక్సస్ సెనేట్‌లో నల్లజాతివారు కూర్చోవడం అదే మొదలు.

1972లో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. 1974 జూలై 25న అప్పటి అధ్యక్షుడు నిక్సన్ అభిశంసన మీద జ్యుడీషియరీ కమిటీలో చేసిన ప్రసంగం యూట్యూబ్‌లో ఉంది, తప్పక వినండి. రాజ్యాంగం రాసినప్పుడు 'ప్రజలమైన మేము' అన్న మాటలో తాను లేనంటారు. అయినా దాని మీద తన నమ్మకం సంపూర్ణమంటారు. ఆ తర్వాత అరుపుల్లేవు. అభిశంసనకు కొలమానం ఏమిటో చదవడం, దాని పక్కన నిక్సన్ చేసిన పని పెట్టడం, మళ్లీ ఇంకోటి. ఇన్నేళ్లు టీవీ చర్చలు చూసిన నాకు అలా వాదించవచ్చనే గుర్తులేదు.

1975లో ఓటు హక్కు చట్టంలోని ప్రత్యేక రక్షణలను టెక్సస్‌కు, ఇంగ్లిష్ కాక వేరే భాషలు మాట్లాడే మైనారిటీ వర్గాలకు విస్తరించడంలో ఆవిడది పెద్ద చెయ్యి. ఇప్పుడు మా పోలింగ్ కేంద్రం బయట బోర్డు మీద 'వోట్ హియర్', దాని కిందే స్పానిష్‌లో 'వోతె ఆకీ' చూస్తే ఆవిడే గుర్తొస్తారు.

1979లో కాంగ్రెస్ వదిలేసి అదే టెక్సస్ యూనివర్సిటీలో, 1996లో పోయేదాకా పాఠాలు చెప్పారు. అమ్మ టీచరమ్మ అనడం తప్పేం కాదు. పెట్టె మూడో రోజు వచ్చింది, ఆవకాయ నూనె కారిపోయి.