కలుపు నిండిన చెరువులో కయాక్ (సన్నటి చిన్న పడవ) మీద ఫ్లై ఫిషింగ్ (తేలికైన కృత్రిమ ఎరతో చేపలు పట్టడం) చేస్తే గాలం నాచులో చిక్కుకోదా?

తేలే దారం, తేలే ఎర, కొక్కేనికి అడ్డంగా చిన్న నైలాన్ తీగ ఉంటే చాలావరకు చిక్కుకోదు. ఫ్లై ఫిషింగ్‌లో ఎరకు బరువు దాదాపు ఉండదు, దాన్ని దూరంగా మోసుకెళ్లేది లావుపాటి దారం బరువే కాబట్టి ఎర మునిగి నాచులోకి దిగాల్సిన పనే లేదు. అమెరికా చెరువుల్లో లార్జ్‌మౌత్ బాస్ అనే చేప కోసం ఫోమ్‌తో చేసిన కప్ప ఆకారపు ఎరను కలువాకు మీద పడేసి, మెల్లగా అంచుదాకా లాగి, టప్పుమని నీళ్లలోకి జార్చి, వలయాలు చెదిరేదాకా కదపకుండా ఆగుతారు.

అసలు చిక్కు చేప పడ్డాకే. ఎరకు కట్టే చివరి నైలాన్ దారం ఎంత సన్నగా ఉంటే అంత మంచిదని చాలామంది అనుకుంటారు, ఇక్కడ అది తప్పు. బాస్ వెంటనే కలుపులోకి దూరుతుంది, తేలికైన కయాక్ కూడా దానివైపే జరిగిపోతుంది, బిగువు తప్పిందా చేప పోయినట్టే. అందుకే ఆ నైలాన్ దారానికి కనీసం 12 పౌండ్ల (సుమారు 5.4 కిలోల) లాగుడును తట్టుకునే బలముండాలి.