ఒక్క సభ్యుడు బిల్లు ఆపడం: డిబేట్‌కు పోలండ్ ఉదాహరణ

మీ అమ్మాయి కాలేజీ డిబేట్‌లో "ఒక్క సభ్యుడికి చట్టాన్ని ఆపే హక్కు ఉండకూడదు" అని వాదించాలని, గట్టి ఉదాహరణ దొరకట్లేదని రాశారు కదండీ. టెన్షన్ పడకండి, పాత పోలండ్ గురించి చదవమనండి.

అక్కడి పార్లమెంటు పేరు సెయ్మ్. ఏ సభ్యుడైనా లేచి "నేను ఒప్పుకోను" అంటే ఆ బిల్లే కాదు, ఆ సమావేశాల్లో అప్పటిదాకా ఆమోదించినవన్నీ కొట్టుకుపోయేవి. 1652లో సిచిన్‌స్కీ అనే సభ్యుడు సమావేశాల పొడిగింపును ఒక్కడే అడ్డుకున్నాడు. తర్వాత అదే అలవాటైపోయింది. మూడో అగస్టస్ రాజుగా ఉన్న ముప్ఫై ఏళ్లలో చట్టాలు చేసి సవ్యంగా ముగిసింది 1736 నాటి సెయ్మ్ ఒక్కటే. పొరుగు రాజ్యాలకు సభ మొత్తాన్ని కొనాల్సిన పని లేదు, ఒక్కడికి డబ్బిస్తే సరిపోయేది! నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. 1791 రాజ్యాంగం ఈ హక్కును తీసేసింది కానీ, 1795 కల్లా రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా దేశాన్ని పూర్తిగా పంచేసుకున్నాయి.

"మరి మెజారిటీ మైనారిటీని తొక్కేస్తే?" అని ఎదుటి జట్టు తప్పకుండా అడుగుతుంది. అది న్యాయమైన ప్రశ్నే. అప్పుడు అమెరికా సెనేట్‌ను చూపించమనండి. 1957లో స్ట్రామ్ థర్మండ్ పౌరహక్కుల బిల్లును అడ్డుకోవాలని 24 గంటలకు పైగా మాట్లాడారు. అయినా బిల్లు పాసైంది. ఒక్కరు ఆలస్యం చేయగలరు, శాశ్వతంగా ఆపలేరు.

ఒక జాగ్రత్త. పోలండ్ పతనానికి ఇదొక్కటే కారణమని మాత్రం అనొద్దని చెప్పండి. యుద్ధాలూ దాన్ని బలహీనపరిచాయి, ఎదుటివాళ్లు అక్కడే పట్టుకుంటారు.