అరుపు స్థానంలో ఒక ఫొటో కార్డు

నాలుగేళ్ల బాబు బిస్కెట్టు కావాలన్నా అరుస్తూ తల నేలకు కొట్టుకుంటున్నాడని రాశారు. అది మొండితనం కాదండీ, అడిగే దారి వాడికింకా దొరకలేదు. 1985లో మనస్తత్వ పరిశోధకులు కార్, డ్యూరాండ్ చూపించింది ఇదే: ఆ ప్రవర్తన దేనికోసమో కనిపెట్టి, అదే ఫలితమిచ్చే తేలికైన సంకేతం నేర్పితే అరుపులు తగ్గుతాయి.

బిస్కెట్టు ఫొటో కార్డు చేయండి. వాడు అరవక ముందే, మీరు బిస్కెట్టు పట్టుకుని ఎదురుగా కూర్చోండి. మరొకరు వెనక నుంచి వాడి చేయి పట్టి కార్డు మీకు ఇప్పించాలి. వెంటనే బిస్కెట్టు ఇవ్వండి, మొదట్లో ప్రతిసారీ ఇవ్వండి. మాట వస్తేనే ఇస్తానని పట్టుబట్టకండి, దయచేసి. చేయి పట్టడం మెల్లగా తగ్గించండి. నాయనమ్మ కూడా అరుపుకు కాక కార్డుకే స్పందించాలి.

తల కొట్టుకుంటున్నాడు కాబట్టి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీలో (మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ) త్వరగా చూపించండి. వినికిడి పరీక్ష కూడా చేయించండి.