కరెంటు పెడుతుంటే స్వర్ణభస్మం మింగవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. బుగ్గ లోపల కేన్సర్ గడ్డ తీసేశాక కరెంటు పెడుతున్నారు. 30 సిట్టింగుల్లో 11 అయ్యాయి. బంగారు నానోరేణువులు (కంటికి కనిపించనంత చిన్న రేణువులు) ఉంటే రేడియేషన్ బాగా పనిచేస్తుందని ఫోనులో చదివి, బంధువొకరు స్వర్ణభస్మం పొట్లాలు తెచ్చారు. వేయమంటారా డాక్టరుగారూ?
– ఒక కుమార్తె, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వేయవద్దమ్మా. మీరు చదివిన దానిలో నిజం ఉంది, పొట్లంలో లేదు.

బంగారం, హాఫ్నియం వంటి బరువైన లోహాలు మన కండకంటే ఎక్కువగా ఎక్స్ కిరణాలను పట్టుకుని, చుట్టూ ఎలక్ట్రాన్లను వెదజల్లుతాయి. ఆ ఎలక్ట్రాన్లు చాలావరకు రవ్వంత దూరమే పోతాయి. కాబట్టి రేణువు కేన్సర్ కణంలోనో, దాన్ని ఆనుకునో ఉండాలి. 2004లో చిట్టెలుకల రక్తంలోకి బంగారు రేణువులు ఎక్కించి ఎక్స్ కిరణాలు ఇస్తే, ఏడాదికి 86 శాతం బతికాయి. కిరణాలు మాత్రమే ఇచ్చిన వాటిలో 20 శాతమే. అయితే అవి తక్కువ శక్తి కిరణాలు. నాన్నగారికి వాడే యంత్రాల శక్తి ఎన్నో రెట్లు ఎక్కువ, అక్కడ బంగారం పట్టు అంతగా ఉండదు.

మనుషుల్లో ముందుకు వెళ్లింది హాఫ్నియం ఆక్సైడ్. దాన్ని మింగించరు, రేడియేషన్‌కు ముందు సూదితో నేరుగా గడ్డలోకి ఎక్కిస్తారు. సార్కోమా (కండ, కొవ్వు వంటి మెత్తని భాగాల్లో వచ్చే కేన్సర్) రోగులు 180 మందితో చేసిన పరీక్షలో, గడ్డ దాదాపు పూర్తిగా చచ్చిపోయినవారు 16 శాతం. రేడియేషన్ ఒక్కటే అందుకున్నవారిలో అది 8 శాతం. 2019లో ఐరోపాలో అనుమతి వచ్చింది. తల, మెడ కేన్సర్లున్న వృద్ధులపై 2022లో మరో పెద్ద పరీక్ష మొదలైంది. నేను ఆశగా చూస్తున్న పని ఇది. కానీ నాన్నగారికి సూది వేయడానికి గడ్డే లేదు కదా!

విజయవాడలో ముప్పై ఏళ్లు ఈ వైద్యం చేశాను. మంగళగిరి వైపు నుంచి వచ్చే ఒక రైతు, ఎవరో ఇచ్చిన పొడిని నమ్మి 18వ సిట్టింగు తరువాత రెండు వారాలు రాలేదు. తిరిగి వచ్చేసరికి మెడలో కొత్త గడ్డ. ఆయన భార్య పొడి డబ్బా నా బల్లమీద పెట్టి నిలబడటం ఇప్పటికీ మరచిపోలేను. మధ్యలో ఆపితే మిగిలిన కేన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయమ్మా.

నోరు పూస్తుంది, కారం తగ్గించండి. పెరుగన్నం, జావ పెట్టండి. ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో పుక్కిలించమనండి. ఇప్పటికే భస్మం మింగి ఉంటే ఆ పొట్లం తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. రేపటి సిట్టింగు మాత్రం మాననివ్వకండి.