కొత్తదని అమ్మిన కెమెరా అప్పటికే వేల ఫోటోలు తీసి ఉంటే?

ప్రశ్న: నేను ఏలూరులో బ్యాంకు ఉద్యోగిని. సెలవు రోజుల్లో ఆటపాక వెళ్లి పెలికాన్ పక్షుల ఫోటోలు తీయడం నా సరదా. యూట్యూబ్‌లో చూసి ఒక మోడల్ నచ్చి, హైదరాబాద్ కోఠిలోని ఒక దుకాణంలో లెన్సుతో కలిపి 88 వేలకు కొన్నాను. బయట అదే లక్ష పైన ఉంది. 20 వేలు యూపీఐలో అడ్వాన్సు పంపి, మిగతాది నగదుగా ఇచ్చాను. ‘దిగుమతి సరుకు, అందుకే చౌక. సీల్డ్ పీసు, ఏడాది వారంటీ మాదే’ అన్నారు. బిల్లు అడిగితే ఎస్టిమేట్ చీటీ రాసిచ్చారు. దాని మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ముద్ర ఉంది. పెట్టె మీద దిగుమతిదారు పేరు గానీ ఎమ్మార్పీ గానీ లేవు. నెల తిరక్కుండానే ఫోకస్ కుదరడం మానేసింది. కంపెనీ సర్వీస్ సెంటరుకు తీసుకెళ్తే, ఈ సీరియల్ నంబరు మన దేశంలో అమ్మకానికి వచ్చినది కాదన్నారు. పైగా షట్టరు 11 వేలకు పైగా కొట్టిందని చెప్పారు. నేను తీసినవి రెండు వేలు దాటవు. దుకాణదారుడు మాత్రం ‘మీరు డబ్బులకు ఫోటోలు తీస్తారు, వినియోగదారుల కోర్టు మీకు వర్తించదు’ అంటున్నాడు. ఒక స్నేహితుడి గృహప్రవేశానికి తీస్తే ఐదు వేలు ఇచ్చిన మాట నిజమే. నా డబ్బు వస్తుందా? హైదరాబాద్ చుట్టూ తిరగాలా? ఈసారి కెమెరా ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి? అమెరికాలో ఉన్న మా బావమరిది తెస్తానంటున్నాడు, అది మేలా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: మీ ఉత్తరంలో రెండు ఫిర్యాదులు కలిసిపోయాయి. కంపెనీ వారంటీ రాలేదన్నది ఒకటి, పాతదాన్ని కొత్తదని అంటగట్టారన్నది రెండోది. మీ బాధంతా మొదటిదాని మీద ఉన్నట్టుంది. నేనైతే రెండోదాని మీదే కేసు నిలబెడతాను.

ఎందుకంటే, దిగుమతి సరుకని మీకు ముందే చెప్పారు. తక్కువ ధర చూసి మీరూ సరేనన్నారు. కంపెనీ ప్రమేయం లేకుండా బయటి దేశం నుంచి అసలైన సరుకు తెచ్చి అమ్మడం దానికదే నేరం కాదు. శామ్‌సంగ్ ప్రింటర్ల కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ 2012లో ఈ మాటే చెప్పింది. అయితే అది దిగుమతి సరుకని, కంపెనీ వారంటీ దీనికి లేదని కొనేవారికి కనబడేలా తెలియజేయాలని, వారంటీ అమ్మేవారే ఇచ్చుకోవాలని షరతు పెట్టింది. మీ దుకాణదారుడు ‘దిగుమతి అని చెప్పాను, వారంటీ నాదేనన్నాను’ అని తప్పించుకోజూస్తాడు. అలా అన్నందువల్ల బాగుచేసివ్వాల్సిన బాధ్యత అతని మెడకే చుట్టుకుంటుంది, కాదనను. కానీ వాదన అక్కడే తిరిగితే చివరికి మీకు దక్కేది మరమ్మతు. డబ్బు వాపసు కావాలంటే రెండో ఫిర్యాదే దారి.

వాడిన, బాగుచేసిన, పాత వస్తువును కొత్తదని చెప్పి అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. సరుకుకు బిల్లు ఇవ్వకపోవడమూ అదే సెక్షన్ కిందికి వస్తుంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనని మొరాయించడమూ అంతే. కాబట్టి చీటీ మీది ముద్రను చూసి బెంగపడకండి. దుకాణదారుడు రబ్బరు స్టాంపు చేయించుకున్నంత మాత్రాన చట్టం పక్కకు జరగదు.

ఇక రుజువు. ‘11 వేలు’ అని సర్వీస్ సెంటరువారు నోటిమాటగా చెబితే చాలదు. సీరియల్ నంబరు, షట్టరు లెక్క, తేదీ, లోపం ఏమిటన్నది జాబ్ షీటు మీద రాయించి, ముద్ర వేయించుకోండి. అప్పుడు అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న ‘ఆ 11 వేల ఫోటోలూ ఫిర్యాదిదారే తీసి ఉండవచ్చు కదా?’ అని. దీనికి జవాబు మీ మెమరీ కార్డులోనే ఉండవచ్చు. కొన్ని కంపెనీల కెమెరాలు తీసిన ప్రతి ఫోటో ఫైలులోనూ అప్పటికి షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో గుట్టుగా రాసిపెడతాయి. మీది ఆ కోవలోదైతే, కొన్న రోజు తీసిన తొలి ఫోటోలో తొమ్మిది వేల చిల్లర అంకె కనబడాలి. అదొక్కటి దొరికితే కేసు సగం గెలిచినట్టే. అయితే అది కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైలై ఉండాలి. వాట్సాప్‌లో పంపిన కాపీల్లో ఈ వివరాలు మిగలవు. అందుకే ఆ కార్డును ఫార్మాట్ చేయకుండా తీసి పక్కన పెట్టండి. కెమెరాతో ఇక ఒక్క ఫోటో కూడా తీయకండి, బయట ఎవరితోనూ విప్పించకండి.

ఫైలు పేరులోని అంకెను మాత్రం నమ్ముకోవద్దు. తొలి ఫోటోకే 0001 బదులు 9214 అని నంబరు పడితే మోసం బయటపడిందని చాలామంది అనుకుంటారు. పాత ఫోటోలున్న కార్డు పెడితే కొత్త కెమెరా కూడా ఆ వరుసనే కొనసాగించవచ్చు. ఈ సంగతి తెలిసిన వకీలు ఎదుట ఆ వాదన క్షణం నిలవదు.

బిల్లు లేదని దిగులు పడకండి. యూపీఐ చెల్లింపులో తేదీ, మొత్తం, ఎవరికి వెళ్లిందన్నవి ఉంటాయి. నగదుగా ఇచ్చిన 68 వేల సంగతి, ‘సీల్డ్ పీసు’ అన్న మాట వాట్సాప్ సంభాషణలో ఎక్కడైనా ఉన్నాయేమో వెతకండి. ఉంటే ఆ సంభాషణ మొత్తాన్ని ప్రింటు తీయండి, మీకు నప్పే నాలుగు వాక్యాలే కత్తిరించి ఇవ్వకండి. దానికి భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన ధ్రువపత్రం జతచేయండి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య నియమాలను సివిల్ కోర్టులంత బిగువుగా పట్టుకోవు, అయినా సందు ఇవ్వకపోవడమే మంచిది.

మీరు వినియోగదారులేనా అన్న ప్రశ్న పెద్దది కాదు. కొన్నప్పటి ప్రధాన ఉద్దేశం ఏమిటన్నదే కొలబద్ద అని సుప్రీంకోర్టు 2019లో లీలావతి ఆసుపత్రి ట్రస్టు కేసులో స్పష్టం చేసింది. జీతం మీద బతికే ఉద్యోగి ఒక గృహప్రవేశంలో ఐదు వేలు తీసుకున్నంత మాత్రాన కెమెరా వ్యాపార సామగ్రి అయిపోదు. ఆ మాటకొస్తే స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొనుక్కున్నవారిని కూడా చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు ఆటో కొని తానే నడుపుకునేవాడిని ఉదాహరణగా చెప్పింది. ఆ ఐదు వేల సంగతి మాత్రం దాచకండి, అఫిడవిట్‌లో మీరే ముందు చెప్పేయండి. అవతలివారు బయటపెడితే చిన్న విషయం పెద్దదైపోతుంది.

హైదరాబాద్ తిరగనక్కర్లేదు. ఫిర్యాదిదారు నివాసం ఉన్న చోట కూడా ఫిర్యాదు వేయడానికి వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 34 వీలిస్తుంది. ఏలూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్ సరిపోతుంది. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వకీలు కూడా తప్పనిసరి కాదు, మా వృత్తికి నష్టమైనా నిజం చెప్పాలి కదా! గడువు రెండేళ్లు. ముందుగా స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు సమయం ఇవ్వండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పవచ్చు, కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. కేసు వేశాక జవాబు దాఖలుకు అవతలివారికి 30 రోజులు, కమిషన్ కనికరిస్తే మరో 15 రోజులు. ఆపైన పొడిగింపు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. చట్టం ప్రకారం మూడు నెలల్లో, పరీక్షకు పంపాల్సి వస్తే ఐదు నెలల్లో కేసు తేలాలి. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుందనుకుని సిద్ధపడండి.

88 వేలు, చెల్లించిన నాటి నుంచి వడ్డీ, ఖర్చులు, కాస్త పరిహారం అడగండి. కెమెరా వెనక్కి ఇచ్చేస్తానని కూడా రాయండి. మనోవేదనకు పది లక్షలు అని రాస్తే చదివేవారికి మీ మిగతా లెక్కల మీదా నమ్మకం సడలుతుంది.

పెట్టె మీద దిగుమతిదారు వివరాలు, ఎమ్మార్పీ లేకపోవడం తూనికలు కొలతల చట్టం కింద విడిగా తప్పే. హైదరాబాద్‌లోని ఆ శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ పడే జరిమానా ప్రభుత్వానికి పోతుంది. పోలీసుల దగ్గరికి ఇప్పుడే వెళ్లమని నేను చెప్పను.

ఈసారి ఏ కెమెరా కొనాలన్నది నేను చెప్పలేను గానీ, ఎలా అడగాలో చెప్పగలను. వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16ను కొనేవాళ్లు ఎవరూ చదవరు. మీ అవసరం ఏమిటో చెప్పి, అమ్మేవారి అనుభవం మీద ఆధారపడి కొంటే, వస్తువు ఆ అవసరానికి తగినదై ఉండాలన్న షరతు చెప్పకుండానే ఒప్పందంలో చేరుతుంది. ఫలానా పేరున్న మోడలే కావాలని అడిగి కొంటే ఆ రక్షణ మామూలుగా ఉండదు. మీరు చేసింది రెండో పనే. మోడల్ పేరుతో కాకుండా ‘చెరువు గట్టు నుంచి దూరంగా ఉన్న పక్షులను, ఎగురుతున్నప్పుడు కూడా తీయాలి. నా దగ్గర ఇంత ఉంది. ఏది పనికొస్తుంది?’ అని వాట్సాప్‌లో రాసి అడగండి. జవాబు రాతలో రానివ్వండి. లెన్సు ‘600 వరకు వస్తుంది’ అంటే ఆగండి. చిన్న సెన్సరున్న కెమెరాల్లో 400 మిల్లీమీటర్ల లెన్సుకు దాదాపు 600కు సమానమైన దృశ్యం కనబడుతుంది, అదే అంకెగా చెప్పేస్తారు. లెన్సు అసలు కొలత ఎంతో రాయించుకోండి. జీఎస్టీ బిల్లు మీద కెమెరాకు, లెన్సుకు వేర్వేరుగా సీరియల్ నంబర్లు ఉండాలి. డబ్బు చేతులు మారకముందే, కౌంటరు మీదే ఖాళీ కార్డు పెట్టి ఒక ఫోటో తీసి, పెట్టె మీది నంబరు, కెమెరా అడుగున ఉన్న నంబరు ఒకటేనా చూసుకోండి.

బావమరిది తెచ్చేదానిలో చౌక ఉండవచ్చు. కానీ అది అక్కడి అమ్మకం. పాడైతే మీ ఫిర్యాదు వినాల్సింది అక్కడి దుకాణమే, ఏలూరు కమిషన్ కాదు. వారంటీ కార్డులో మన దేశం పేరు ఉంటేనే తెప్పించుకోండి. విమానాశ్రయంలో సుంకం లేని పరిమితి దాటితే ఆయన తప్పక డిక్లేర్ చేయాలి. కట్టిన సుంకం రసీదును కెమెరాతో పాటు మీకు ఇమ్మనండి. రేపు మీరు దాన్ని అమ్మాలనుకున్నప్పుడు కొనేవారు మొదట అడిగేది అదే.