స్టార్లు వేరు, తాళం వేరు

ప్రశ్న: సార్, మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాన్నగారి రిటైర్‌మెంట్ డబ్బుతో బటన్ నొక్కితే స్టార్టయ్యే కారు కొంటున్నాం. రాత్రిళ్లు వీధిలోనే పెట్టాలి. ఎవడైనా ఎత్తుకుపోతే ఆంధ్రలోని పాతపట్నం వైపు ఇట్టే రాష్ట్రం దాటేస్తాడు. భారత్ ఎన్‌క్యాప్ అనే కార్ల పరీక్షలో 5 స్టార్లు వచ్చాయి, దొంగల భయం లేదని షోరూమ్‌లో అంటున్నారు. నమ్మొచ్చా?

జవాబు: నమ్మకండి. 2023 అక్టోబరులో మొదలైన ఆ స్టార్లు, కారు గుద్దుకున్నప్పుడు లోపలున్నవాళ్లకు ఎంత రక్షణ ఉంటుందో చెప్పేవి, అంతే. ఈ మాట దాచి కారు అమ్మడం నాకు అస్సలు నచ్చదు. దొంగతనానికి విడిగా పరీక్ష పెట్టే సంస్థ బ్రిటన్‌లో ఉంది, థాచమ్ రీసెర్చ్ అని, బీమా కంపెనీల డబ్బుతో నడుస్తుంది. 2019లో వాళ్లు 11 కొత్త మోడళ్లకు రేటింగ్ ఇస్తే ఆరింటికి 'పూర్' వచ్చింది, కారణం మీరు కొనబోయేలాంటి కీలెస్ తాళమే, అంటే జేబులోంచి తీయకుండానే కారు తెరిచే తాళంచెవి.

ఆ తాళం జేబులో ఉన్నా, గోడ మేకుకు వేలాడుతున్నా కారు పిలిస్తే పలుకుతుంది. ఒక దొంగ మీ వీధి తలుపు దగ్గర, ఇంకొకడు కారు దగ్గర చెరో పరికరం పట్టుకుని నిలబడి ఆ సిగ్నల్‌ని అందిస్తే చాలు, తాళం పక్కనే ఉందనుకుని కారు తెరుచుకుంటుంది, స్టార్టవుతుంది కూడా. అద్దం పగలదు, చప్పుడుండదు.

అందుకే డబ్బు కట్టకముందే టెస్ట్ డ్రైవ్ కారుతో మీరే చూసుకోండి. డోర్‌కి దగ్గరగా స్టూల్ మీద తాళం పెట్టి, పది నిమిషాలు ఎవరూ కదపకుండా చూసి, అప్పుడు హ్యాండిల్ బటన్ నొక్కండి. తెరుచుకోలేదంటే ఆ తాళం కదలిక లేనప్పుడు నిద్రపోయే రకం, మంచిది. అల్ట్రా వైడ్‌బ్యాండ్ తాళమైతే ఇంకా నయం, సిగ్నల్ ప్రయాణానికి పట్టే సమయాన్ని బట్టి అసలు దూరం కొలుస్తుంది. రెండూ లేవంటే, ఇంట్లో తాళాన్ని గట్టి మూతున్న స్టీలు డబ్బాలో పెట్టండి, ఆ డబ్బా పట్టుకుని కారు దగ్గరికెళ్లి డోర్ తెరుచుకుంటోందేమో చూడండి, తెరుచుకుంటే డబ్బా మార్చండి. స్టీరింగ్‌కి ఒక ఇనుప లాక్ కూడా వేయండి, అది కంటికి కనిపిస్తుంది కాబట్టి దొంగ వెనకాడతాడు.

థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే దొంగతనానికి పైసా రాదు, కాంప్రహెన్సివ్ తీసుకోండి. క్లెయిమ్‌కి వెళ్తే రెండు తాళాలూ అడుగుతారు, రెండోది జాగ్రత్త. ఇక రాష్ట్రం సంగతంటారా, శ్రీకాకుళం వెళ్లినప్పుడు కారు పోయినా మీ పర్లాకిమిడి స్టేషన్‌లోనే జీరో ఎఫ్ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే ఫిర్యాదు) ఇవ్వొచ్చు, మా పరిధి కాదని తిప్పి పంపడానికి వీల్లేదు.