ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 12,400 కి.మీ. అయితే టికెట్‌లో పదిహేనున్నర గంటలెందుకు?

శాన్‌ఫ్రాన్సిస్కో మీదుగా సియాటిల్ వెళ్లబోతూ మీరు అడిగిన ప్రశ్న ఇది. గంటకు 900 కి.మీ. చొప్పున భాగించి పద్నాలుగు గంటల్లోపే దిగిపోవాలని లెక్కేశారు. మీ భాగహారం సరైనదే. కానీ ఆ 12,400 అనేది గ్లోబు మీద రెండు ఊళ్లకూ దారం బిగించి కొలిస్తే వచ్చే దూరం. అలా వెళ్లాలంటే సైబీరియా దాటి ఆర్కిటిక్ మీదుగా పోవాలి. విమానం ఆ గీత పట్టుకుని పోదు, గాలిని చూసుకుని పోతుంది.

తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంటుంది. తూర్పుకు వెళ్లే విమానాన్ని అది వెనక నుంచి తోస్తుంది. జపాన్, ఉత్తర పసిఫిక్ మీద చలికాలంలో దాని జోరు మరీ ఎక్కువ, గంటకు 200 కి.మీ. దాటడం మామూలే. ఎయిరిండియా ఈ ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసును మొదట్లో అట్లాంటిక్ మీదుగా నడిపేది. 2016 అక్టోబరులో పసిఫిక్ వైపు తిప్పింది. దారి 13,900 నుంచి 15,300 కి.మీ.కు పెరిగింది, సమయం మాత్రం రెండు గంటల దాకా తగ్గి పద్నాలుగున్నరకు వచ్చింది! నేను వెళ్లినప్పుడు సీటు ముందున్న తెరలో వేగం వెయ్యి దాటి చాలాసేపు అలాగే ఉంది. తిరుగు ప్రయాణంలో ఆ అంకె మళ్లీ కనబడలేదు. వచ్చేటప్పుడు సాధారణంగా పదహారు గంటలు దాటుతుంది.

టికెట్‌లో రాసే సమయం గేటు నుంచి గేటుకు. రన్‌వే దాకా పాకడం, క్యూలో నిలబడడం అన్నీ అందులోనే.

గాలి ఒక్కటే కాదు, ఎవరి ఆకాశం ఎవరికి మూసుందన్నది కూడా చూడాలి. 2022 నుంచి అమెరికా సంస్థలకు రష్యా మీదుగా దారి లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన సంస్థలకు తన గగనతలం మూసేశాక ఢిల్లీ నుంచి పడమరగా అమెరికా వెళ్లే కొన్ని విమానాలు ఇంధనం కోసం వియన్నాలో దిగాల్సి వచ్చింది. తూర్పుగా వెళ్లే మీ విమానానికి ఆ బెడద లేదు.

అందుకే దూరం చూపించే సైట్లను నేను పట్టించుకోను. విమానాల రాకపోకలు చూపించే ఫ్లైట్‌రాడార్24 సైట్‌లో మీ ఫ్లైట్ నంబరు కొట్టి గత వారం రోజులూ నిజంగా ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది చూడండి. వెళ్లేదీ వచ్చేదీ విడివిడిగా చూడాలి సుమా.

గడియారం చూసి కంగారు పడకండి. వేసవిలో రెండు ఊళ్లకూ పన్నెండున్నర గంటల తేడా, చలికాలంలో పదమూడున్నర. తెల్లవారుజామున ఎక్కితే అదే రోజు పొద్దున దిగుతారు. వచ్చేటప్పుడు మాత్రం తేదీ మారిపోతుంది.

అక్కడి నుంచి సియాటిల్ వెళ్లాలన్నారు కదా, ఇమ్మిగ్రేషన్ అయ్యాక సామాను తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించాలి. నేనైతే మధ్యలో మూడు గంటలకు తక్కువ పెట్టుకోను. రెండూ ఒకే టికెట్‌లో ఉండేలా బుక్ చేయండి, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే మరో విమానం చూపించే బాధ్యత సంస్థదే అవుతుంది.